ఓనమాలు దిద్దించిన విమానానికి 75 ఏళ్లు

1951 ఆగస్టులో బెంగళూరు ఆకాశంలోకి ఓ చిన్న శిక్షణ విమానం లేచింది. పేరు హెచ్‌టీ-2. స్వతంత్ర భారతంలో మనవాళ్లే గీసి, మనవాళ్లే కట్టి వాయుసేన చేతికిచ్చిన మొదటి ఇంజిన్ విమానం అదే. 2026 ఆగస్టుకు దానికి 75 ఏళ్లు నిండుతున్న వేళ, ఆ రోజు కష్టపడ్డ అప్పటి హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌కు, ఇప్పటి హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు మనసారా జేజేలు.

రూపశిల్పి విష్ణు మాధవ్ ఘాటగే. జర్మనీలో వాయుగతి శాస్త్రవేత్త ప్రాంట్‌ల్ దగ్గర చదువుకుని వచ్చి, బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పిన మనిషి. అప్పటిదాకా మన కుర్రాళ్లు నేర్చుకున్న టైగర్ మాత్‌కు ఉక్కు గొట్టాల ఒళ్లు, చెక్క రెక్కలు, పైన బట్ట తొడుగు. ఘాటగే విమానం ఒళ్లంతా లోహమే. 155 గుర్రాల శక్తి గల ఇంజిన్ మాత్రం బ్రిటన్‌దే. ఆ లోటును దాచనక్కర్లేదు, అక్కడి నుంచే మొదలయ్యాం మరి.

దీన్ని నడపడం తేలికేమీ కాదు. తోక కింద చిన్న చక్రం ఉండటంతో నేల మీద ముక్కు పైకెత్తి నిలబడుతుంది. ముందు కూర్చున్న కుర్రాడికి ఎదురుగా రన్‌వే కనబడదు, ఇంజిన్ మూతే కనబడుతుంది. అందుకే మెలికలు తిప్పుతూ, ఓసారి ఈ పక్క, ఓసారి ఆ పక్క తొంగి చూస్తూ పోవాలి. వేగం అందుకునేటప్పుడు విమానం పక్కకు గుంజుతుంది, కాళ్లతో పెడళ్లు తొక్కి దారిలో పెట్టాలి. ఒకరి వెనక ఒకరుగా రెండు సీట్లు, ఇద్దరి చేతుల్లోనూ అవే మీటలు. ఇక్కడ తడబడి నేర్చుకున్నవాళ్లే తర్వాత జెట్‌లెక్కారు. ఘనా దేశం కొత్తగా వాయుసేన పెట్టుకున్నప్పుడు వాళ్లకూ ఇదే వెళ్లింది.

వనపర్తి జిల్లాలోని మన శ్రీరంగాపూర్‌కు ఈ సంబరంతో పనేమిటంటారా? మనలాగే ఒకప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన బీదర్‌లో ఎందరో ఓనమాలు దిద్దింది దీని మీదే. తర్వాతి తరం దీపక్ విమానం ప్రమాదాల పాలై 2009లో ఆగిపోయింది. 2013 నుంచి దుండిగల్ వాయుసేన అకాడమీలో స్విట్జర్లాండ్ పిలాటస్‌లు ఎగురుతున్నాయి. మనదే అయిన హెచ్‌టీటీ-40 2016లో గాలిలోకి లేచింది. 70 విమానాలకు ఒప్పందం 2023లో గానీ కాలేదు. 1951లో చేసి చూపించినవాళ్లం ఇంత ఆలస్యం చేయాల్సింది కాదు.

మన ఊరి రంగనాయకస్వామి గుడి కట్టించిన వనపర్తి రాజుల ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది. అక్కడ మెషిన్లు విప్పి బిగించే పిల్లలు విమానాల తయారీ వైపూ చూడాలి. ఇంటర్‌లో ఎంపీసీ చదివే ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక్క మాట: 2022 నుంచి నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లో అమ్మాయిలనూ చేర్చుకుంటున్నారు. దరఖాస్తు పెట్టించండి.