ఒక ఫ్రేములో రెండు అద్దాలు

పోయిన నెల మన క్లబ్ మీటింగ్‌కి వస్తుంటే మెట్ల మీద నా కళ్లజోడు పడింది. ఎడమ అద్దం రెండు ముక్కలు! అలాగే వెనక వరసలో కూర్చున్నా. సీనియర్ ఒకాయన పద్యం చదువుతుంటే సగం కూడా అర్థం కాలేదు. మైక్ బానే ఉంది, నా చెవులూ బానే ఉన్నాయి. మరి ఏమైంది?

ఆ రాత్రి రూమ్‌లో పాత కళ్లజోడు బయటికి తీశా. అమ్మ ప్రతిసారీ అదే మోడల్ ఫ్రేమ్ కొంటుంది కాబట్టి పాత ఎడమ అద్దం కొత్త ఫ్రేములో సరిగ్గా కూర్చుంది. ఒక కంటికి పాత పవర్, ఇంకో కంటికి కొత్త పవర్. తలనొప్పి ఫ్రీ. అప్పుడే బెంజమిన్ ఫ్రాంక్లిన్ గుర్తొచ్చారు.

ఆయన 1706లో బోస్టన్‌లో పుట్టారు. నాన్నది కొవ్వొత్తులు, సబ్బులు చేసే పని. పదేళ్లకే బడి ఆగిపోయింది. పన్నెండేళ్లకి అన్న ప్రెస్సులో పనికి కుదిరి, పదిహేడేళ్లకి అక్కణ్ణుంచి ఫిలడెల్ఫియాకి పారిపోయారు. తర్వాత సొంత ప్రెస్సు, పత్రిక, చందాలతో నడిచే లైబ్రరీ, పిడుగుల నుంచి ఇళ్లని కాపాడే ఇనుప కడ్డీ. తను కనిపెట్టిన స్టవ్‌కి పేటెంట్ ఇస్తామన్నా వద్దన్నారు.

డెబ్భై ఏళ్ల వయసులో, 1776 చివర్లో, అమెరికా తరఫున ఫ్రాన్స్ వెళ్లారు. అప్పటికే చత్వారం. చదవడానికి ఒక జోడు, దూరం చూడడానికి ఇంకోటి. ప్రయాణాల్లో అవి మార్చుకోలేక విసుగొచ్చి, రెండు రకాల అద్దాల్నీ సగానికి కోయించి ఒకే ఫ్రేములో పెట్టించుకున్నారు. పైన దూరపు చూపు, కింద దగ్గరి చూపు. మన తాతయ్యలు పెట్టుకునే బైఫోకల్ అదే. ఆయనకంటే ముందే ఎవరైనా చేశారా అన్న వాదన ఉంది. కానీ ఆయన మాత్రం తన ఇబ్బంది తీర్చుకోడానికే చేయించుకున్నారు.

1785లో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో దాని ఉపయోగం చెప్పారు. నన్ను ఆపేసింది ఆ ఉత్తరమే. భోజనాల బల్ల దగ్గర కంచంలో ఏముందో కనిపిస్తుంది, ఎదురుగా మాట్లాడే మనిషి ముఖమూ కనిపిస్తుంది. చెవికి అలవాటు లేని భాషలో ముఖం కదలికలే అర్థం చెప్తాయట. అంటే ఆయనకి ఫ్రెంచ్ బాగా అర్థమయ్యేది కళ్లజోడు వల్లే!

చదువంతా ఇంగ్లిష్ మీడియం. ఇంట్లో తెలుగే మాట్లాడతా, కానీ పద్యం నా చెవికి కొత్త. ఇన్నాళ్లూ చదివేవాళ్ల ముఖం, చేతులు చూసి సగం అర్థం చేసుకుంటున్నానని కళ్లజోడు విరిగాకే తెలిసింది.

ఆయన అదే ఏడాది అమెరికా తిరిగెళ్లి, 1790లో 84 ఏళ్లకి కన్నుమూశారు.

నాకు కొత్త అద్దం వచ్చేసింది. రాత్రి చేసుకున్న ఆ ఐడియా మాత్రం వదల్లేదు: పాత ఫ్రేముకి కూడా ఎడమ అద్దం తిరిగి పెట్టి, స్పేర్‌గా బ్యాగ్‌లో ఉంచుకున్నా. ఈసారి మీటింగ్‌లో ముందు వరసలో నాకో సీటు ఆపండి.