జార్జి లెమేటరు

నిర్మలమైన రాత్రివేళ ఆకాశమువంక చూచినవారికి నక్షత్రములు నిశ్చలముగా నిలిచియున్నట్లే తోచును. తాతలు చూచిన సప్తర్షిమండలమునే మనుమలును చూచుచున్నారు. ఈ కారణమున విశ్వమునకు పెరుగుటగాని తరుగుటగాని లేదనియు, అది ఎల్లప్పుడు ఒకే తీరున నున్నదనియు ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళవరకు పెక్కుమంది విద్వాంసులు విశ్వసించిరి. విశ్వము నానాటికి విస్తరించుచున్నదనియు, దానికొక ఆరంభము కలదనియు గణితబలముచే చెప్ప సాహసించిన వారిలో అగ్రగణ్యుడు బెల్జియము దేశీయుడైన జార్జి లెమేటరు.

లెమేటరు 1894వ సంవత్సరము జూలై 17వ తేదీన షార్లెరువా అను పట్టణమున జన్మించెను. ఆ ప్రాంతము బొగ్గుగనులకును, గాజు పరిశ్రమకును పేరుపడినది. అతని తండ్రి జోసఫ్ ఒక గాజు కర్మాగారమునకు యజమాని. తొమ్మిదేండ్ల ప్రాయముననే ఆ బాలుని మనస్సున రెండు సంకల్పములు నాటుకొనెను. ఒకటి, శాస్త్రజ్ఞుడగుట, రెండవది, క్రైస్తవ మతగురువగుట. ఈ రెండును ఒకచోట పొసగవని తలంచువారు పెక్కుమంది కలరు. అతనికి మాత్రము అట్టి సంశయము కలుగలేదు. కొంతకాలమునకు తండ్రి కర్మాగారము అగ్నికి ఆహుతియయ్యెను. 1910లో ఆ కుటుంబము బ్రస్సెల్సు నగరమునకు తరలిపోయెను. మరుసటి యేడు లెమేటరు లూవెన్ విశ్వవిద్యాలయమున చేరి ఇంజనీరింగు విద్యను అభ్యసింపసాగెను.

1914 ఆగస్టులో జర్మను సేనలు బెల్జియముపై దండెత్తెను. లూవెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయము దగ్ధమై, లక్షలకొలది పుస్తకములు బూడిదయయ్యెను. లెమేటరు చదువు విడిచి స్వచ్ఛందముగా సైన్యమున చేరెను. ఇజర్ నదీతీరమున జరిగిన ఘోరయుద్ధమున పోరాడి, పిదప ఫిరంగిదళమున పనిచేసెను. విరామము చిక్కినప్పుడు యుద్ధభూమియందును భౌతికశాస్త్ర గ్రంథములను విడువలేదు. అతని ధైర్యమును మెచ్చి ప్రభుత్వము యుద్ధపతకము నొసగెను.

యుద్ధానంతరము అతడు ఇంజనీరింగును వదలి, గణిత భౌతికశాస్త్రములను చేపట్టి, 1920లో డాక్టరు పట్టము పొందెను. ఆ యేడే గురువిద్యాలయమున ప్రవేశించి 1923లో గురుపట్టము నందెను. అచ్చట దైవశాస్త్రమును చదువుచునే ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతమును స్వయంకృషిచే అధ్యయనము చేసెను. తరువాత ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరమున ఎడింగ్టన్ కడను, అమెరికాలోని హార్వర్డు వేధశాలలో షాప్లే కడను ఖగోళశాస్త్రమును నేర్చెను. 1925లో స్వదేశమునకు మరలి లూవెన్‌లో అధ్యాపకుడయ్యెను.

ఆ కాలమున ఖగోళశాస్త్రజ్ఞులకొక చిక్కు ఎదురైయుండెను. ఐన్‌స్టీన్ 1917లో తన సమీకరణములను విశ్వమునకంతటికి అన్వయించి చూడగా, విశ్వము నిలుకడగా నుండజాలదని తోచెను. విశ్వము మారనిదని నమ్మిన అతడు క్రొత్తగా ఒక స్థిరాంకమును చేర్చి, తన సమీకరణములను నిశ్చలమైన విశ్వమునకు సరిపడునట్లు మార్చెను. మరియొకవంక అమెరికాలో స్లైఫర్ అను పరిశోధకుడు 1912 మొదలు నీహారికల కాంతిని విడదీసి పరీక్షించుచుండెను. ఈ నీహారికలు కోట్లకొలది నక్షత్రముల సముదాయములు. వీనినే నేడు గెలాక్సీలందురు. వీనిలో పెక్కింటి వర్ణరేఖలు ఎరుపువైపునకు జరిగి కనబడెను. మననుండి దూరముగా పోవు వస్తువుల కాంతి అట్లు మారును. అవి ఏల తొలగిపోవుచున్నవో ఎవరికిని అంతుపట్టలేదు.

లెమేటరు ఈ రెండు సంగతులను జోడించి ఆలోచించెను. 1927లో బ్రస్సెల్సులోని ఒక శాస్త్రసంఘపు పత్రికలో ఫ్రెంచిభాషయందు తన వ్యాసమును ప్రకటించెను. గెలాక్సీలు తమంత తాము పరుగిడుట లేదనియు, వాని నడుమనున్న ఆకాశమే సాగుచున్నదనియు అందు ప్రతిపాదించెను. అప్పడము వత్తు తీరును గమనించినచో ఈ సంగతి తేటపడును. పిండియుండలో జీలకఱ్ఱ గింజలుండును. అప్పడాల కఱ్ఱతో వత్తినకొలది పిండి సాగును. గింజలు పిండిని అంటియున్నను ఒకదానికొకటి దూరమగును. చేరువనున్న గింజ కొంచెముగా జరుగును. దూరముననున్నది ఎక్కువగా జరుగును. ఏ గింజకడ నిలిచి చూచినను తక్కినవి తొలగిపోవుచున్నట్లే కనబడును. అట్లే గెలాక్సీ యెంత దూరముననున్న, దాని వేగమంత హెచ్చుగా నుండవలెను. సుమారు 33 లక్షల కాంతిసంవత్సరముల దూరమున నున్న గెలాక్సీ సెకండునకు 625 కిలోమీటర్ల వేగమున తొలగిపోవునని లెమేటరు గణించెను. ఆనాటి దూరపు కొలతలలో దోషములుండుటచే ఈ సంఖ్య మిక్కిలి హెచ్చయినది. నేటి లెక్క సుమారు 70 కిలోమీటర్లు. సంఖ్య మారినను సూత్రము నిలిచినది.

ఆ వ్యాసమును చదివినవారు చాల తక్కువ. ఆ సంవత్సరము అక్టోబరులో సాల్వే సమావేశమునకై ప్రసిద్ధ భౌతికశాస్త్రజ్ఞులు బ్రస్సెల్సున కూడిరి. లియోపోల్డు ఉద్యానవనమున నడచుచు లెమేటరు ఐన్‌స్టీన్‌తో తన సిద్ధాంతమును ముచ్చటించెను. గణితమున దోషము లేదని ఐన్‌స్టీన్ ఒప్పుకొనెను. విశ్వము విస్తరించుచున్నదను భావము మాత్రము తనకు బొత్తిగా సమ్మతము కాదని నిర్మొగమాటముగా చెప్పెను. రష్యా గణితజ్ఞుడైన ఫ్రీడ్‌మన్ 1922లోనే ఇట్టి ఫలితములను సాధించెననియు తెలిపెను. 1925లో మరణించిన ఆ పండితుని వ్యాసము అంతవరకు లెమేటరు కంటబడలేదు. జగద్విఖ్యాతుడు కాదన్న మాటను ముప్పదిమూడేండ్ల యువకుడు త్రోసిపుచ్చుట సులభము కాదు. లెమేటరు కలహింపలేదు, తన లెక్కను మార్చుకొననులేదు. గెలాక్సీల వేగములనుగూర్చిన క్రొత్త పరిశీలనలు ఐన్‌స్టీన్‌నకు తెలియవని గ్రహించి ఊరకుండెను.

రెండేండ్లు గడచెను. 1929లో అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలయందు పరిశోధించుచున్న హబుల్, గెలాక్సీల దూరము హెచ్చినకొలది వేగము హెచ్చునని ప్రకటించెను. మరుసటి యేడు ఎడింగ్టన్ ఈ విషయమునే చర్చించుచున్నాడని తెలిసి, లెమేటరు తన పాత వ్యాసమును జ్ఞాపకము చేయుచు గురువునకు లేఖ వ్రాసెను. ఎడింగ్టన్ దాని విలువను గుర్తించి, 1931లో ఇంగ్లీషున ప్రకటింపజేసెను. ఆ అనువాదమున వేగమును గణించిన భాగము లేదు. హబుల్ కీర్తిని కాపాడుటకై ఎవరో దానిని తొలగించిరని చాలకాలమునకు పిదప కొందరనుమానించిరి. 2011లో వెలుగునకు వచ్చిన ఒక లేఖవలన దానిని విడిచినది లెమేటరే యని తేలెను. అంతకంటె క్రొత్త కొలతలు వచ్చిన పిదప తన పాత సంఖ్యలను మరల అచ్చొత్తించుట అనవసరమని అతడు భావించెను. మొదట చెప్పినది తానే యని చాటుకొనుటకు అతడు పూనుకొనలేదు. ఐన్‌స్టీన్‌కూడ 1931లో తన మతమును మార్చుకొని విశ్వవ్యాకోచము నంగీకరించెను.

విశ్వము నేడు విస్తరించుచున్నచో, వెనుకటి కాలమున అది చిన్నదై యుండవలెను. ఇంకను వెనుకకు పోయినచో పదార్థమంతయు ఒక్కచోటికి చేరవలెను. 1931 మే నెలలో నేచర్ పత్రికకు వ్రాసిన చిన్న లేఖలో లెమేటరు ఈ యూహను ప్రకటించెను. ఆదిలో విశ్వమంతయు ఒకే అణువుగా నుండి, అది విచ్ఛిన్నమగుటవలన సమస్తమును పుట్టెనని అతని భావము. దీనికి గట్టి ఆక్షేపణము ఎదురయ్యెను. హబుల్ కొలతల ప్రకారము విశ్వపు వయస్సు సుమారు 200 కోట్ల సంవత్సరములు. భూమి వయస్సే అంతకు మించునని శిలలు తెలుపుచుండెను. తల్లికంటె బిడ్డ పెద్దదగుట యెట్లు? 1948లో హాయిల్, బాండీ, గోల్డ్ అను మువ్వురు, విశ్వము విస్తరించుచున్నను దానికి ఆది లేదని వేరొక సిద్ధాంతమును వెలువరించిరి. మరుసటి యేడు హాయిల్ రేడియో ప్రసంగమున లెమేటరు పక్షపు సిద్ధాంతమునకు మహావిస్ఫోటమను అర్థమిచ్చు పేరు పెట్టెను. ఆ పేరే లోకమున నిలిచినది. 1952లో బాడే అను ఖగోళశాస్త్రజ్ఞుడు గెలాక్సీల దూరములు అనుకొన్నదానికి రెట్టింపని చూపెను. దానితో విశ్వపు వయస్సును పెరిగి, ఆ చిక్కు సడలసాగెను.

ఈ నడుమ లెమేటరునకు మరియొక పరీక్ష ఎదురయ్యెను. అది నిందవలన గాక ప్రశంసవలన వచ్చినది. 1951 నవంబరులో పోపు పన్నెండవ పయస్, విశ్వమునకు ఆరంభము కలదను శాస్త్రాభిప్రాయము దైవసృష్టికి సాక్ష్యమగునను భావము స్ఫురించునట్లు ప్రసంగించెను. తన మతమున అత్యున్నత పీఠముననున్న వ్యక్తి తన సిద్ధాంతమునకు అనుకూలముగా పలికినందుకు సామాన్యుడు పొంగిపోయియుండును. లెమేటరు కలతచెందెను. తన సిద్ధాంతమింకను రుజువు కావలసియున్నది. దానిని విశ్వాసమునకు ఆధారముగా నిలుపుట శాస్త్రమునకును, మతమునకును మేలుకాదని అతని నిశ్చితాభిప్రాయము. పోపునకు శాస్త్రవిషయములందు సలహానిచ్చువారిద్వారా అతడు తన మనస్సును తెలియజేసెను. మరుసటి యేడు రోమునగరమున ఖగోళశాస్త్రజ్ఞుల నుద్దేశించి ప్రసంగించినపుడు పోపు ఆ మాట యెత్తలేదు.

రుజువు అతని జీవితసంధ్యలో లభించెను. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున పెంజియస్, విల్సన్ అను నిరువురు 1964లో ఒక రేడియో ఆంటెన్నాను పరీక్షించుచుండగా, ఎటు త్రిప్పినను ఒకే రీతి సన్నని రొద వినవచ్చెను. అందు చేరిన పావురముల రెట్టను శుభ్రపరచినను ఆ రొద పోలేదు. అది విశ్వమంతట నిండియున్న, ఆదికాలపు వేడిమికి శేషమైన కిరణప్రసారమని 1965లో తేలెను. ఇట్టి శేషము ఉండునని ఆల్ఫర్, హెర్మన్ అనువారు 1948లోనే గణించియుండిరి. లెమేటరు విశ్వకిరణములే ఆ శేషమని భావించియుండెను. ఆ యంశము సరికాలేదు. అయినను వేడియై, సాంద్రమైన ఆరంభము విశ్వమునకు కలదను మూలభావమునకు ప్రబలమైన ఆధారము దొరకెను. జబ్బుపడి ఆసుపత్రిలోనున్న లెమేటరునకు సహచరుడైన గొడార్ ఈ వార్తను చేరవేసెను. కొలది దినములకే, 1966 జూన్ 20వ తేదీన, అతడు లూవెన్ నగరమున కన్నుమూసెను.

ఐన్‌స్టీన్ విడిచిపెట్టిన స్థిరాంకమును లెమేటరు తుదివరకు విడువలేదు. విశ్వవ్యాకోచము నానాటికి వేగము పుంజుకొనుచున్నదని 1998లో కనుగొనిన పిదప, ఆ స్థిరాంకము మరల శాస్త్రమున స్థానము పొందెను. విశ్వపు వయస్సు సుమారు 1380 కోట్ల సంవత్సరములని నేటి గణన. 2018లో అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సంఘము విశ్వవ్యాకోచ సూత్రమును హబుల్-లెమేటరు సూత్రమని పిలువవలెనని తీర్మానించెను.

గొప్పవాడు కాదన్నంతమాత్రమున ఒక సిద్ధాంతము అసత్యము కాదు; గొప్పవాడు మెచ్చినంతమాత్రమున సత్యమును కాదు. పరిశీలనయే దానికి న్యాయస్థానము. ఆ తీర్పుకొరకు లెమేటరు దాదాపు నలుబది సంవత్సరములు ఓర్పుతో వేచియుండెను.