నోబుల్ దొరగారు

పీజీ అయ్యాక ఏమిటన్న బెంగ పట్టినప్పుడల్లా మాకు బందరు నోబుల్ దొరగారు గుర్తొస్తారు. 1841లో ఇంగ్లండు నుంచి వచ్చిన రాబర్ట్ నోబుల్ గారు 1843లో ఇక్కడ బడి పెట్టారు. తోడుగా వచ్చిన ఫాక్స్ గారు జబ్బుపడి తిరిగివెళ్ళి 1848లో మరణించారు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పొందగానే బడి ఖాళీ అయింది. రేపు ఒక్కరైనా వస్తారో రారో తెలియదు. ప్రభువు మీద భారం వేసి ఆయన కదలలేదు; పిల్లలు మెల్లగా తిరిగి వచ్చారు. 1864 నవంబరు ఉప్పెన సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాతా ఊరు విడవలేదు. 1865లో ఇక్కడే కన్నుమూశారు.

అయితే అగ్రకులాలవారు పిల్లల్ని పంపరేమోనని మాల మాదిగ బిడ్డలను ఆయన చేర్చుకోలేదు. ఆ ఒక్క భయాన్ని ఆయన విశ్వాసం జయించలేకపోయింది. మా ఇళ్ళకు డిగ్రీ మా తరానికి గాని రాలేదు.