తిరగరాసిన నాటకం: గురజాడ అప్పారావు గారు

కథలు, నవలలు రాయాలని సరదా పడే మావంటి పిల్లలకు గురజాడ వెంకట అప్పారావు గారి జీవితంలో ఒక సంగతి చాలా పనికొస్తుంది. అందరూ మెచ్చుకున్న తన పుస్తకాన్ని, అది అచ్చయిన పన్నెండేళ్ల తరువాత, ఆయన కూర్చుని మళ్లీ రాశారు. పరీక్ష లేదు, మార్కులూ లేవు. మేమైతే టీచర్ గారు ఎర్ర సిరాతో గీత పెడితే తప్ప ఒక పేరా కూడా మార్చం.

అప్పారావు గారు 1862 సెప్టెంబరు 21న విశాఖపట్నం జిల్లా రాయవరంలో అమ్మమ్మగారి ఇంట పుట్టారు. తండ్రి వెంకట రామదాసు గారు, తల్లి కౌసల్యమ్మ గారు. తండ్రి విజయనగరం సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. అందుకని చిన్నతనం చీపురుపల్లిలో గడిచింది. ఆ తరువాత చదువుకు విజయనగరం వచ్చారు. అక్కడి మహారాజా కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి గారు ఆ పేద విద్యార్థికి తన ఇంట్లోనే భోజనం, వసతి ఏర్పాటు చేశారు. 1886లో బి.ఏ. పూర్తయింది. కొంతకాలం గుమాస్తాగా పనిచేసి, చదివిన కళాశాలలోనే అధ్యాపకులయ్యారు.

మొదట్లో ఆయన రాసింది ఇంగ్లీషులో. 'సారంగధర' అనే ఆ ఇంగ్లీషు కావ్యాన్ని కలకత్తాలో పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ గారు మెచ్చుకుంటూనే, సొంత భాషలో రాయమని సలహా ఇచ్చారు. పెద్దల సలహాలన్నీ మాకు నచ్చవు గానీ, ఇది మాత్రం తెలుగువాళ్ల అదృష్టం.

'కన్యాశుల్కం' పుట్టడానికి కారణం ఒక జాబితా. ఆ రోజుల్లో కొన్ని కుటుంబాల్లో డబ్బు తీసుకుని చిన్నపిల్లలను ముసలివాళ్లకు ఇచ్చి పెళ్లి చేసేవారు. ఆ డబ్బునే కన్యాశుల్కం అంటారు. విజయనగరం మహారాజు ఆనందగజపతి గారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన ఇలాంటి పెళ్లిళ్లను లెక్క వేయించారు. మొత్తం 1,034 తేలాయి. ఆ పెళ్లికూతుళ్లలో ఐదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఏడాది పిల్లకు పెళ్లేమిటో మాకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. మా ఇళ్లలో ఆ వయసు చెల్లెళ్లు ఇంకా గోడ పట్టుకునే నడుస్తున్నారు. అప్పారావు గారు ఈ అంకెలను నాటకం ముందుమాటలో చేర్చారు. నాటకంలో మాత్రం ఉపన్యాసం ఇవ్వలేదు, నవ్వించారు.

1892 ఆగస్టు 13న విజయనగరంలో నాటకం ఆడారు. మంచి పేరు వచ్చింది. 1897లో ఐదు అంకాలతో పుస్తకంగా అచ్చయింది. ఆ ఏడాదే ఆనందగజపతి గారు చనిపోయారు. తరువాత అప్పారావు గారు మహారాజు సోదరి రీవా మహారాణి గారి దగ్గర కార్యదర్శిగా చేరారు. సంస్థానం వారసత్వం గురించి పెద్ద దావా నడిచింది. ఏళ్ల తరబడి కాగితాలు, వకీళ్లు, సాక్షులు. ఆ పనిలో ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతింది.

ఒంట్లో బాగుండక 1909లో ఊటీ వెళ్లారు. అందరూ విశ్రాంతి తీసుకోవడానికి వెళ్లే చోట ఈయన నాటకం తిరగరాసే పని పెట్టుకున్నారు. ఐదు అంకాలు ఏడయ్యాయి. అంటే పాతదానికి రెండు అంకాలు అతికించారని కాదు, కథనే మళ్లీ అల్లుకున్నారు. అన్నిటికన్నా పెద్ద మార్పు మధురవాణి. తొలి కూర్పులో ఆమెది చిన్న పాత్ర. రెండో కూర్పులో కథంతా ఆమె చేతుల మీదుగా నడుస్తుంది. లోకం చిన్నచూపు చూసిన మనిషికే అందరికన్నా ఎక్కువ తెలివి, మంచితనం ఇచ్చారు. దిద్దడమంటే అక్షరదోషాలు సరిచేయడమేనని మేము అనుకునేవాళ్లం. ఒక మూల నిలబడి ఉన్న పాత్రను పిలిచి మధ్యలో కూర్చోబెట్టడం కూడా దిద్దడమేనట.

ఇప్పుడు మనం చదివే కూర్పులో కథ అల్లిక చూడండి. అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు అమ్మజూపుతాడు. ఆ పెళ్లి చెడగొట్టడానికి సుబ్బి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, వాణ్నే పెళ్లికూతురిగా అంటగడతాడు. పెళ్లికోసం మధురవాణి కంటె ఆ పెళ్లికూతురి మెడలోకి వెళుతుంది. పిల్ల మాయమవుతుంది, పిల్లతో కంటె కూడా. అక్కడి నుంచి రామప్పపంతులుకు కంటె బెంగ, లుబ్ధావధాన్లు మీద హత్యానేరం, పోలీసులు, వకీళ్లు. ఒక్క నగ ఇంతమందిని ఎలా పరుగెత్తిస్తుందో చూసి మాకు నవ్వు ఆగలేదు. కోర్టు వ్యవహారాలు అంత బాగా కుదరడానికి ఆ దావా చాకిరీయే కారణమని మా అనుమానం. పేరుకు నాటకమే గానీ, పొడవులోనూ మనుషుల సందడిలోనూ ఇది నవలలాగే చదివిస్తుంది.

ఇందులో ఒక్కొక్కరిది ఒక్కొక్క మాటతీరు. గిరీశం సగం ఇంగ్లీషు కలిపి కోతలు కోస్తాడు, మిగతావాళ్లు వాళ్ల వాళ్ల యాసలో మాట్లాడతారు. ఇది మాకు కొత్త కాదు. సుక్మా జిల్లా కిష్టారం చుట్టుపక్కల కోయ, తెలుగు, హిందీ మూడూ వినిపిస్తాయి. మా ఇళ్లలో ఒకరిది శ్రీకాకుళం యాస, ఒకరిది ఖమ్మం యాస. బదిలీ అయిన ప్రతిసారీ కొత్త బడిలో ఎవరో ఒకరు మా యాసకు నవ్వుతారు. అలాంటి మాటనే పుస్తకంలోకి ఎక్కించాలని పట్టుబట్టిన పెద్దమనిషి ఒకరున్నారని తెలిసి మాకు కాస్త ధైర్యం వచ్చింది.

అందరూ ఇలాగే రాయాలని లేదు. విశ్వనాథ సత్యనారాయణ గారు 'వేయిపడగలు' అంత పెద్ద నవలను ఆశువుగా చెబుతుంటే తమ్ముడు రాసుకున్నారు, నెల లోపే అయిపోయింది. అప్పారావు గారి పద్ధతి వేరు. దానికి నష్టం కూడా ఉంది. 'బిల్హణీయం', 'కొండుభట్టీయం' అనే నాటకాలు అసంపూర్తిగానే మిగిలిపోయాయి.

1910లో ఆయన రాసిన చిన్నకథ పేరే 'దిద్దుబాటు'. ఇక్కడ దిద్దబడేది కాగితం కాదు, రోజూ రాత్రి ఆలస్యంగా ఇంటికొచ్చే భర్త గోపాలరావు. భార్య కమలిని పుట్టింటికి వెళ్లిపోయినట్టు ఉత్తరం పెట్టి మంచం కింద దాక్కుంటుంది. ఆ సంగతి చివరిదాకా గోపాలరావుకే కాదు, మనకూ తెలియనివ్వరు.

1911లో మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనను పాఠ్యసంఘంలో సభ్యుణ్ని చేసింది. పుస్తకాల్లో వాడుక భాష ఉండాలా, గ్రాంథికమే ఉండాలా అని అక్కడ పెద్ద వాదం నడిచింది. గిడుగు రామమూర్తి గారితో కలిసి ఆయన వాడుక భాష వైపు నిలబడ్డారు. 1914లో తన అసమ్మతిని సుదీర్ఘమైన పత్రంగా రాసి ఇచ్చారు. ఆ వాదంలో అప్పటికి గెలిచింది గ్రాంథికమే. మరుసటి ఏడాది, 1915 నవంబరు 30న, యాభై మూడేళ్ల వయసులో ఆయన విజయనగరంలో కన్నుమూశారు.

అక్కడ ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది, స్మారకంగా కాపాడుతున్నారు. జగదల్‌పూర్ మీదుగా వెళ్లే పాత 43వ నంబరు జాతీయ రహదారి రాయపూర్ నుంచి విజయనగరం దగ్గరికే చేరుతుంది. ఈసారి ఎవరి నాన్నగారికి అటువైపు బదిలీ అయితే వాళ్లు ముందు వెళ్లి చూసి, మిగతావాళ్లకు ఉత్తరం రాయాలని మాలో మేము ఒప్పందం చేసుకున్నాం.