ఆయకట్టు ఎరిగిన సుందరయ్య

నెల్లూరు తీరప్రాంతంలోని అలగానిపాడులో 1913లో భూస్వామ్య రెడ్డి కుటుంబంలో జన్మించిన సుందరరామిరెడ్డి, పేరులోని కులసూచికను విడిచి పుచ్చలపల్లి సుందరయ్య అయ్యారు. అంతటితో ఆగలేదు, 1930ల ఆరంభంలో స్వగ్రామంలోనే వ్యవసాయ కూలీల సంఘం స్థాపించి తన వర్గానికే ఎదురు నిలిచారు.

ఏ అభివృద్ధి సంస్థకూ ఆయన అధిపతి కారు. అయినా శాసనసభలో ప్రతిపక్ష నేతగా టీఎంసీల లెక్కలను నిపుణుడి స్థాయిలో చర్చించారు. రాష్ట్రానికి సమగ్ర జలప్రణాళికను రూపొందించారు. సెంటు భూమి లేని కూలీకి కాలువ నీటితో ఏం ప్రయోజనం? అందుకే నీటితోపాటు భూపంపిణీనీ కోరారు. 1973లో భూపరిమితి చట్టం వచ్చినా, బినామీ బదిలీలతో పెద్ద కమతాలు చాలావరకు తప్పించుకున్నాయి. 1985లో ఆయన కన్నుమూసేనాటికీ పెన్నా డెల్టాలో నాట్లు వేసే చేతులు ఎక్కువగా దళితులవి, యానాదులవి. పట్టాలు మాత్రం అధికంగా అగ్రకులాలవి.