హెన్రీ సిదంబరం

హెన్రీ సిదంబరం (1863 - 1952) కరేబియన్ సముద్రంలోని ఫ్రెంచి ద్వీపమైన గ్వాడలూప్‌లో భారత సంతతివారి పౌరసత్వం కొరకు పోరాడిన ప్రముఖుడు. ఒప్పంద కూలీల సంతానానికి ఓటు హక్కు కలదని నిరూపించుటకు ఇతడు దాదాపు ఇరవై ఏళ్ళు పట్టు విడువలేదు.

నేపథ్యం

1848లో ఫ్రాన్స్ తన వలస రాజ్యాలలో బానిసత్వాన్ని రద్దు చేయడంతో చెరకు తోటలకు కూలీల కొరత ఏర్పడింది. తోటల యజమానులు భారతదేశం వైపు చూశారు. ఇది వారికి కొత్త మార్గమేమీ కాదు. 1828లోనే యానాం నుండి 15 మంది తెలుగువారిని హిందూ మహాసముద్రంలోని రెయూనియన్ ద్వీపానికి తీసుకొనిపోయారు. 1854 డిసెంబరులో ఒరేలీ అనే ఓడ గ్వాడలూప్‌కు మొదటి భారతీయ కూలీలను చేర్చింది. బ్రిటిషు ప్రాంతాలలో కూడా కూలీలను చేర్చుకొనుటకు 1861 నాటి ఒప్పందం ఫ్రాన్స్‌కు వీలు కల్పించింది.

తెరచాప ఓడలు పుదుచ్చేరి, కారైకాల్ రేవుల నుండి బయలుదేరి, ఆఫ్రికా దక్షిణపు కొనను చుట్టి, అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటేవి. ప్రయాణానికి సుమారు మూడు నెలలు పట్టేది. వలసవెళ్ళినవారిలో తమిళులు అధికం, తెలుగువారు కూడా ఉన్నారు. ఒప్పందం ఐదేళ్ళకు. గడువు ముగిశాక చాలామంది స్వదేశం చేరలేదు. కూలీల దుస్థితి కారణంగా బ్రిటిషు ప్రభుత్వం 1888లో ఈ వలసను నిలిపివేసింది. అప్పటికి సుమారు 42,000 మంది ఆ ద్వీపానికి చేరారు.

జీవితం

సిదంబరం 1863లో కాపెస్టెర్ పట్టణంలో జన్మించాడు. తల్లిదండ్రులు భారతదేశం నుండి వచ్చినవారు. చిదంబరం అనే పేరు ఫ్రెంచి గుమాస్తాల వ్రాతలో ఈ రూపం పొందింది. రామస్వామి వంటి ఎన్నో పేర్లు అక్కడ ఇలాగే మారిపోయాయి.

1904లో ఓటర్ల జాబితాలో భారతీయుల కుమారుల పేర్లు ఉండటాన్ని ద్వీపపు గవర్నరు వికోంత్ ద లా లోయేర్ ఆక్షేపించాడు. వారు బ్రిటిషు ప్రజలని అతని వాదన. ఫ్రెంచి నేలపై పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే శ్రమిస్తున్నవారిని పరదేశీయులనడం విడ్డూరమే. సిదంబరం ఈ ఆక్షేపణను న్యాయస్థానంలో ఎదుర్కొన్నాడు. ఫ్రెంచి గడ్డపై జన్మించినవారు ఫ్రెంచి పౌరులేనని, హక్కులు కూడా వారికి వర్తించాలని వాదించాడు.

వివాదం ఏళ్ళ తరబడి సాగింది. చివరకు 1923 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ ప్రధాని రేమోం పొంకారే నిర్ణయంతో గ్వాడలూప్‌లోని భారత సంతతివారికి ఫ్రెంచి పౌరసత్వం, ఓటు హక్కు లభించాయి. అప్పటికి సిదంబరానికి దాదాపు అరవై ఏళ్ళు. 1946లో ద్వీపం ఫ్రాన్స్‌లో ఒక జిల్లాగా మారింది. ఆరేళ్ళ తరువాత, 1952లో ఇతడు మరణించాడు.