చూపులేని ఆచార్యుడు, చుక్కల పాఠాలు

అంధుడికి ఆకాశం గురించి పాఠమేమిటని నవ్వేవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. నూజెండ్ల చేలగట్ల మీద పడుకుని, గొల్లకావడిని వేలితో చూపించుకుంటూ పెరిగిన మాబోటివాళ్ళకి ఖగోళమంటే కంటితో చూసేదే మరి! అందుకే నికొలస్ సాండర్సన్ కథ మనకు తెలిసి ఉండాలి.

ఆయన 1682లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో ఓ పల్లెలో పుట్టాడు. తండ్రి ఎక్సైజు ఉద్యోగి. ఏడాది వయసులోనే మశూచి సోకి రెండు కళ్ళూ పోయాయి. బ్రెయిలీ లిపి పుట్టడానికి అప్పటికింకా నూరేళ్ళకు పైగా ఉంది. అయినా బడిలో గ్రీకు, లాటిన్, తండ్రి దగ్గర లెక్కలు నేర్చాడు. మిగిలిందంతా ఒకరు చదివి వినిపిస్తే విని పట్టుకున్నదే.

1707లో కేంబ్రిడ్జి చేరాడు, విద్యార్థిగా కాదు. ఏకంగా పాఠాలు చెప్పడానికి! న్యూటన్ సిద్ధాంతాలు, గ్రహగతులు, కాంతి, ఇంద్రధనుస్సు... తానెన్నడూ చూడనివాటిని కళ్ళున్న కుర్రాళ్ళకు బోధించాడు. వాళ్ళు ఎగబడి వచ్చారు. అప్పటి ఆచార్యుడు విస్టన్ తన మతాభిప్రాయాల వల్ల పదవి పోగొట్టుకున్నాక, ఒకప్పుడు న్యూటన్ అలంకరించిన లుకేసియన్ పీఠం 1711లో ఈయనకే దక్కింది. డిగ్రీ లేదన్న చిక్కు ఆన్ రాణి ఆజ్ఞతో తీరిపోయింది.

ఆయన సాధనం ఒక పలక. దాని నిండా గళ్ళు, గడికి తొమ్మిది రంధ్రాలు. నడుమ పెద్ద తల గుండుసూది ఒక్కటే ఉంటే సున్న, చిన్న తలదైతే ఒకటి. నడుమ పెద్దదుండి, చిన్నది చుట్టూ ఏ రంధ్రంలో ఉందో దాన్నిబట్టి రెండు నుంచి తొమ్మిది. సూదులకు దారం చుట్టి రేఖాగణితం బొమ్మలు కూడా వేసేవాడు. ఆ మాటకొస్తే గ్రహకక్ష్యను కళ్ళున్నవాళ్ళు మాత్రం చూశారా? అదీ లెక్కలో దొరికిందే. ఆరుబయట సూర్యుణ్ణి పరిశీలించేటప్పుడు మబ్బు అడ్డమొస్తే ఈయన పసిగట్టేవాడట.

1739లో కన్నుమూశాడు. ఆయన బీజగణిత గ్రంథం మరుసటి ఏడు అచ్చయింది.

ఆ తర్వాత రెండున్నర శతాబ్దాలు దాటాక, మన మచిలీపట్నం ప్రాంతపు శ్రీకాంత్ బొల్లా, చూపు లేదని ఇంటర్లో సైన్సు ఇవ్వకపోతే, కోర్టుకెక్కి సాధించుకోవలసి వచ్చింది. పట్టుబట్టి చదివి అమెరికాలో ఎం.ఐ.టి.కి వెళ్ళాడు. అందరూ కోర్టుకెక్కగలరా?

మన పల్లె బళ్ళో చూపులేని పిల్లకు సప్తర్షి మండలం చెప్పడానికి ఓ అట్టముక్క, ఏడు చింతగింజలు, కాస్త బంక చాలు. తోక కాక గిన్నెలా ఉన్న నాలుగు గింజల్లో, తోకకు దూరంగా ఉన్న రెండింటినీ ఆ పిల్ల వేళ్ళతో తడమనివ్వండి. ఆ రెంటి మధ్య దూరానికి అదే వరసలో, గిన్నె నోటి వైపు, సుమారు ఐదింతలు కొలిచి ఎనిమిదో గింజ అంటిస్తే, అదే ధ్రువనక్షత్రం.